తెలుగు ప్రణయ నవల - కట్నం, నేల, ఎంపిక: ‘మైదానం’, ‘సెక్రటరీ’, ‘స్వేచ్ఛ’ నవలల పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు ప్రణయ నవలను విమర్శకులు చాలాకాలం కాలక్షేప సాహిత్యంగా పరిగణించి పక్కన పెట్టారు. పాఠకులు మాత్రం దానిని వదలలేదు. ఈ రెండు వైఖరుల నడుమ ఉన్న దూరాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ నవలలు ఏ నేలమీద చదవబడ్డాయన్న ప్రశ్న అవసరం. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలలో పెళ్ళి అనేది ఎకరాల లెక్కతో ముడిపడిన వ్యవహారం. అటువంటి చోట కట్నం ప్రసక్తి లేకుండా జరిగే పెళ్ళి కథ పాఠకురాలికి ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది అన్నది ఈ వ్యాసంలో ప్రధానాంశం. చలం ‘మైదానం’, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ఓల్గా ‘స్వేచ్ఛ’ నవలలను ఇందుకు ఆధారంగా తీసుకొని, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’తో పోల్చి చూడడం జరిగింది.

కీలకపదాలు: ప్రణయ నవల, వరకట్నం, నల్లరేగడి, స్త్రీల పఠనం, ఆత్మాభిమానం, శ్రమ, ఎంపిక.

1. ప్రవేశిక:

ప్రణయ నవలలపై తెలుగులో రెండు రకాల అభిప్రాయాలు స్థిరపడ్డాయి. మొదటిది విద్యాలయాలలో వినిపించేది. ఈ నవలలు జీవితానికి దూరమనీ, మేడలూ కార్లూ చూపి మధ్యతరగతి ఆడపిల్లలను కలల్లో ముంచాయనీ దాని సారాంశం. రెండవది ఇళ్ళలో వినిపించేది. ఫలానా నవల ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపిస్తుందన్నది ఆ మాట. మొదటి అభిప్రాయం వ్యాసాలకెక్కింది. రెండవది వంటింటి అరుగుమీదే నిలిచిపోయింది. ఒక సాహిత్య ప్రక్రియను దశాబ్దాలపాటు నిలబెట్టిన పాఠకుల తీర్పు విమర్శలో నమోదు కాకపోవడం చిన్న లోపం కాదు.

అయితే పాఠకాదరణ ఉన్నదంతా ఉత్తమమని వాదించడం కూడా విమర్శ అనిపించుకోదు. ఆదరణకు కారణం వెతకాలి. ఆ కారణం రచనలో ఎంత ఉన్నదో, చదివేవారి బతుకులో ఎంత ఉన్నదో విడదీసి చూడాలి. ఆ తర్వాతనే రచనకు విలువ కట్టాలి. ఈ వ్యాసం ఆ వరుసనే అనుసరిస్తుంది.

అమెరికాలో జానిస్ రాడ్‌వే 1984లో ప్రకటించిన ‘రీడింగ్ ది రొమాన్స్’ గ్రంథం ఈ దారిలో ముఖ్యమైనది. ఆమె నవలలతో ఆగక, వాటిని చదివే గృహిణులను పలకరించింది. పుస్తకం తెరిచి కూర్చున్న కాసేపు ఇంటిల్లిపాది అవసరాలూ తమను తాకవన్నది ఆ పాఠకురాళ్ళ అనుభవమని గుర్తించింది. చదవడం కూడా ఒక చర్యేననీ, దానికి కథతో సంబంధం లేని అర్థం కూడా ఉంటుందనీ ఆమె పరిశీలన తెలుపుతుంది. తెలుగు నేలకు ఈ పరిశీలనను యథాతథంగా అన్వయించడం కుదరదు. ఇక్కడి పాఠకురాలి ఎదుట ఉన్న ప్రశ్నలలో తీరిక ఒకటి మాత్రమే. తన పెళ్ళికి ధర ఎంత, ఆ ధర ఎవరు చెల్లిస్తారు అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

2. నేల - పఠన నేపథ్యం:

గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు మీదుగా ఒంగోలు వైపు సాగే మైదానంలో చాలా భాగం నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు ఈ ప్రాంతపు వాణిజ్య పంటలు. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీరు చేరిన చోట భూమి విలువ మారింది. భూమి విలువ మారితే పెళ్ళి విలువ కూడా మారుతుంది. పసుపుకుంకుమ కింద కూతురికి పొలం ఇవ్వడం ఈ ప్రాంతపు భూస్వామ్య కుటుంబాలలో పాత ఆచారం. పంటకు నగదు తోడైన తరువాత ఎకరాలతోపాటు రొక్కం కూడా లెక్కకు వచ్చింది.

చదువరుల విషయంలోనూ ఈ ప్రాంతానికి ఒక చరిత్ర ఉన్నది. వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో ఏర్పడి గ్రంథాలయోద్యమానికి ఒక ఆనవాలుగా నిలిచింది. తెనాలికి చెందిన చక్రపాణి శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చి ఇక్కడి పాఠకులకు విఫలప్రేమల ప్రపంచాన్ని పరిచయం చేశాడు. ఆ తరువాత వార, మాసపత్రికల ధారావాహికలు, అద్దె పుస్తకాల దుకాణాలు నవలను చిన్న ఊళ్ళకు కూడా చేర్చాయి. ‘సశేషం’ అన్న మాట దగ్గర ఆగి తరువాతి సంచిక కోసం ఎదురుచూడడం ఒక తరం స్త్రీలకు అలవాటైన అనుభవం. నవలలు సినిమాలు కావడంతో అక్షరాలు రానివారు కూడా ఆ కథల్లోకి ప్రవేశించారు. కారంచేడులో జన్మించిన డి. రామానాయుడు కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ నవలను 1971లోనూ, యద్దనపూడి ‘జీవన తరంగాలు’ను 1973లోనూ, ‘సెక్రటరీ’ని 1976లోనూ చలనచిత్రాలుగా నిర్మించడం ఈ సందర్భంలో గమనింపదగినది. సేద్యపు ఊళ్ళనుంచి వచ్చిన పెట్టుబడి, చొరవ నగరంలోని ప్రేమకథను తెరకెక్కించాయి. ఊరి కథలో దొరకనిదేదో ప్రేక్షకులకు ఆ నగరపు కథలో దొరికిందన్నమాట.

3. ‘మైదానం’ - సాగుకు అవతలి స్థలం:

చలం 1927లో రాసిన ‘మైదానం’ను ప్రణయ నవలల చర్చలోకి తీసుకురావడం కొందరికి అభ్యంతరంగా తోచవచ్చు. అది వారపత్రికల నవలల కోవకు చెందినది కాదు. కానీ స్త్రీ తన కోరికను తానే చెప్పుకోవడం, దానికోసం కట్టుబాటును దాటడం తెలుగు నవలలో ఇంత నిస్సంకోచంగా మొదలైనది ఇక్కడే. తరువాతి ప్రణయ నవల దీనిని అనుసరించలేదు. మర్యాదగా తప్పుకుని నడిచింది. ఆ తప్పుకోవడం ఏమిటో తెలియాలంటే ముందు దీనిని చూడాలి.

వకీలు భార్య అయిన రాజేశ్వరి ముస్లిం యువకుడు అమీర్‌తో కలిసి ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. వారి కాపురం ఊరికి దూరంగా ఒక మైదానంలో. ఈ స్థలాన్ని ఎన్నుకోవడంలో చలం చూపు స్పష్టంగా ఉన్నది. అది దున్నిన పొలం కాదు. ఒకరి పేరున ఉన్న ఇల్లు కాదు. కొలిచి, రాసి, వారసులకు అప్పగించే ఆస్తి ఏదీ అక్కడ లేదు. పట్టాకెక్కిన నేలమీద ఈ ప్రేమకు చోటు లేదని నవల పేరులోనే తెలుస్తుంది. బాల్యాన్ని తెనాలిలో గడిపిన చలానికి గట్టు తగాదాలు, వారసత్వపు లెక్కలు, వాటి మధ్య నలిగే ఆడవాళ్ళ బతుకులు తెలియనివి కావు. ‘మైదానం’ ఆ లెక్కలన్నిటికీ బయట గీసిన చిత్రం.

నవల బలం రాజేశ్వరి కంఠంలో ఉన్నది. ఆమె సానుభూతి అడగదు, పశ్చాత్తాపం ప్రకటించదు. తన కథను తానే చెప్పుకునే పద్ధతివల్ల పాఠకుడు న్యాయమూర్తి స్థానంలో కూర్చోలేకపోతాడు. బలహీనత కూడా అదే నేలలో ఉన్నది. సాగు లేని స్థలంలో స్వేచ్ఛ దొరికింది కానీ ఎన్నాళ్ళు నిలవగలదు? జీవనోపాధి ప్రశ్న ఈ కథకు కేంద్రం కాదు. ఇల్లు విడిచిన స్త్రీ మరొక పురుషుడి ఇష్టాయిష్టాలకు లోబడవలసి రావడం, చివరకు కథ విషాదంలో ముగియడం చూస్తే, బయటికి నడవడం ఒక్కటే విడుదల కాదని నవలే ఒప్పుకున్నట్లు అనిపిస్తుంది. చలం దీనిని లోపంగా దాచలేదు. చివరిదాకా చూపాడు. ఆ నిజాయితీ వల్లనే ‘మైదానం’ ఒక సిద్ధాంత ప్రకటనగా మిగిలిపోకుండా నవలగా నిలిచింది.

4. ‘సెక్రటరీ’ - కట్నం అడగని కథ:

1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చి ఆపైన పుస్తకమైన ‘సెక్రటరీ’ యద్దనపూడి సులోచనారాణికి విశేషమైన పేరు తెచ్చింది. పేదింటి యువతి జయంతి, ధనికుడైన రాజశేఖరం ఇందులో నాయికానాయకులు. ఆమె మొదట ఒక మహిళా సంఘంలోనూ, తరువాత రాజశేఖరం దగ్గరా ఉద్యోగం చేస్తుంది. అతని ఐశ్వర్యం, అతనిని గురించి లోకం అనుకునే మాటలు ఆమెలో అనుమానం రేపుతాయి. ఆమె ఆత్మాభిమానం అతనిని ఆకర్షిస్తుంది, ఆ ఆత్మాభిమానమే ఇద్దరినీ దూరం చేస్తుంది కూడా.

పమేలా రెజిస్ 2003లో వెలువరించిన ప్రణయ నవలా చరిత్రలో ఆంగ్ల ప్రణయ నవలకు ఎనిమిది మూలాంశాలు చెప్పింది. సమాజ చిత్రణ, నాయికానాయకుల కలయిక, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ ప్రకటన, ఇక అంతా ముగిసిందనిపించే ఘట్టం, అడ్డంకిని దాటించే గుర్తింపు, పెళ్ళి నిశ్చయం అన్నవి అవి. ‘సెక్రటరీ’ నిర్మాణం ఈ చట్రానికి దగ్గరగానే ఉన్నది. కానీ అడ్డంకి దగ్గర ఒక తేడా కనిపిస్తుంది. తెలుగు సమాజంలో పేద పిల్లకు, ధనికుడికి మధ్య మొట్టమొదట నిలబడవలసిన అడ్డంకి కట్నం. ఈ నవలలో కథను నడిపే అడ్డంకి అది కాదు, జయంతి మనసులోని అపనమ్మకం. అంటే వాస్తవంలో అందరికన్నా ముందు కనిపించవలసిన గోడను రచయిత్రి తొలగించి, దాని స్థానంలో స్త్రీ తానే తెరవగల తలుపును నిలిపింది.

‘సెక్రటరీ’ ఆకర్షణకు అసలు కారణం ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చు. కన్యాశుల్కం పోయి వరశుల్కం స్థిరపడుతున్న దశను కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం 1920లలోనే ఎత్తిచూపింది. శ్రామిక కులాలలో ఉండిన ఓలి ఆచారం కూడా క్రమంగా కట్నానికి దారి ఇచ్చింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. చట్టం వచ్చిన కొద్ది ఏళ్ళకే ‘సెక్రటరీ’ ధారావాహికగా వెలువడింది. చట్టం కాగితంమీద చెప్పిన పెళ్ళిని ఈ నవల కథలో జరిపించి చూపింది. పల్నాడులోనో, పర్చూరు సీమలోనో అన్న పొలం అమ్మితే తప్ప తన పెళ్ళి కాదని తెలిసిన అమ్మాయికి జయంతి కథ మేడల మీది మోజు మాత్రమే కాదు. తనను తనకోసమే కోరుకునే ఒక మనిషి ఉంటాడన్న ఊహకు విలువ ఉన్నది. ఇంట్లో తనను ఒక ఖర్చుగా లెక్కవేస్తున్న కాలంలో తానొక మనిషినని ఆ కథ చెప్పింది. ఈ ఓదార్పును తేలికచేసి మాట్లాడిన విమర్శ, ఓదార్పు ఎవరికి ఎందుకు కావలసివచ్చిందో చూడలేదు.

రచయిత్రి నేర్పు విషయంలోనూ కొన్ని సంగతులు చెప్పక తప్పదు. సంభాషణలు చురుకైనవి. మాటకు మాట బదులిచ్చే నాయిక తెలుగు పాఠకులకు బాగా నచ్చింది. పనిచేసే చోట స్త్రీపట్ల చుట్టుపక్కల వారి చూపు ఎలా ఉంటుందో, ఒక పుకారు ఆమె బతుకును ఎంత ఇరుకు చేయగలదో యద్దనపూడి గమనించింది. ఉద్యోగం చేసే ఆడపిల్ల ఇంకా వింతగా కనిపించే రోజులలో ఒక వృత్తినామాన్నే నవలకు పేరుగా పెట్టడం గమనింపదగిన విషయం.

ఇంత మెచ్చుకున్న తరువాత కూడా ఒక అభ్యంతరం మిగులుతుంది. జయంతికి దొరికినది హక్కు కాదు, మినహాయింపు. రాజశేఖరం కోటీశ్వరుడు కనుక కట్నం అక్కరలేదు. అదే అయిదెకరాల రైతుబిడ్డ అయితే? అప్పుడు ఈ కథ నడవదు. కట్నం తప్పని నవల చెప్పలేదు. కట్నం అవసరం లేనంత సంపదను ఊహించింది. వ్యవస్థ అలాగే ఉండి ఒక్క అదృష్టవంతురాలు మాత్రం దానినుంచి తప్పించుకుంటుంది. ఆమె తప్పించుకోవడానికి అర్హత సంపాదించినది కూడా అసాధారణమైన ఆత్మాభిమానంతో, అందంతో. సాధారణమైన అమ్మాయికి ఈ కథలో చోటు పాఠకురాలిగానే.

రెండవ అభ్యంతరం శ్రమకు సంబంధించినది. నవల పేరు ఒక ఉద్యోగం పేరు. కథ ముందుకు సాగేకొద్దీ ఆ ఉద్యోగం ప్రేమకు వేదికగా మారుతుంది. పని చేయడంలోని అలసట, జీతంతో వచ్చే నిబ్బరం, పనిలో ఎదుగుదల ప్రధానాంశాలు కావు. పెళ్ళి అనే గమ్యం చేరేదాకా నడిచే దారిగానే ఉద్యోగం మిగిలింది. తరువాతి దశాబ్దాలలో ఈ మూసను అనుకరించిన నవలలు నాయిక పౌరుషాన్ని వదిలి నాయకుడి కారును మాత్రం ఉంచుకున్నాయి. ఆ అనుకరణల తప్పును ‘సెక్రటరీ’ మీద మోపడం న్యాయం కాదు. అయినా ఆ తప్పుకు బీజం ఇందులో లేదని కూడా చెప్పలేము.

5. ‘స్వేచ్ఛ’ - పెళ్ళి తరువాతి ప్రశ్న:

ప్రణయ నవల పెళ్ళి నిశ్చయం దగ్గర ముగుస్తుంది. ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987) అసలు ప్రశ్నను అక్కడినుంచి మొదలుపెడుతుంది. 1950లో గుంటూరులో జన్మించిన ఓల్గా 1973 నుంచి 1986 వరకు తెనాలి వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కళాశాలలో తెలుగు అధ్యాపకురాలిగా పనిచేసింది. చదువుకున్న ఆడపిల్లలు తరగతి గదినుంచి పెళ్ళిపీటకు నడిచే దారిని ఇంత దగ్గరగా చూసిన అనుభవం ఈ నవలకు వెనుక ఉన్నదనుకోవచ్చు.

పుట్టింటి కట్టుబాట్ల నడుమ ఊపిరాడని అరుణ తాను ప్రేమించిన ప్రకాశాన్ని పెళ్ళి చేసుకుంటే స్వేచ్ఛ దొరుకుతుందని నమ్ముతుంది. పెళ్ళి అవుతుంది, స్వేచ్ఛ దొరకదు. ప్రకాశం దుర్మార్గుడు కాదు. కట్నం కోసం వేధించే భర్త కాదు. ఓల్గా చేసిన ముఖ్యమైన పని ఇదే. భర్తను ప్రతినాయకుడిగా చిత్రించి ఉంటే సమస్య ఒక మనిషి స్వభావానికి కుదించుకుపోయేది. ప్రేమించిన మనిషే భర్త అయిన తరువాత భార్య ఉద్యోగం, స్నేహాలు, బయటి పనులు తన అనుమతికి లోబడి ఉండాలని ఎంత సహజంగా అనుకుంటాడో నవల చూపింది. ప్రేమ పెళ్ళి కూడా పెళ్ళేనన్న సంగతి అరుణకు తెలిసివచ్చేసరికి ఆమె ముందు ఉన్నది బయటికి నడిచే దారి ఒక్కటే.

‘మైదానం’లోని రాజేశ్వరి కూడా ఇల్లు విడిచింది. ఇద్దరి నిష్క్రమణల మధ్య అరవై ఏళ్ళ దూరం ఉన్నది. రాజేశ్వరి ఒక పురుషుడి దగ్గరకు వెళ్ళింది. అరుణ తన దగ్గరకు తాను వెళ్ళింది. ఆమెకు చదువు, ఉద్యోగం ఉన్నాయి. ఈ మార్పు వెనుక కాలం చేసిన పని ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళైన కూతుళ్ళకు అది వర్తించలేదు. పుట్టింటి నేలమీద కూతురి హక్కు పెళ్ళి తేదీని బట్టి ఉండడం గురించి వేరుగా వ్యాఖ్యానించనక్కరలేదు. ఆ చట్టం వచ్చిన రెండేళ్ళకు వచ్చిన ‘స్వేచ్ఛ’ ఆస్తి గురించి వాదించలేదు. కానీ తన జీవితంమీద తన అధికారం అన్న భావనను మధ్యతరగతి ఇంటి మధ్యలో నిలబెట్టింది.

నవలకు లోపాలు లేకపోలేదు. కొన్నిచోట్ల పాత్రలు మాట్లాడుకోవడం మాని వాదించుకుంటాయి. అరుణ అనుభవించి తెలుసుకోవలసిన విషయాన్ని మరొకరు వివరించి చెప్పే సందర్భాలలో కథ వేగం మందగిస్తుంది. ప్రణయ నవల పాఠకురాలికి అలవాటైన చదువు సుఖం ఇందులో తక్కువ. ‘సెక్రటరీ’ని రాత్రికి రాత్రి చదివి ముగించినవారు ‘స్వేచ్ఛ’ను ఆగి ఆగి చదవవలసి వస్తుంది. కానీ ఆ ఆగడంలోనే నవల పని చేస్తుంది. ప్రణయ నవల కన్నుమూసి చూడమన్న గదిలో దీపం వెలిగించడం ఎవరికీ ఇంపుగా ఉండదు.

6. మూడు నవలలలో కనిపించనిది:

‘స్వేచ్ఛ’ వెలువడిన కాలంలోనే, 1987-88లో, తెల్లదోమ ఉధృతికి పత్తి పంట దెబ్బతిని గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతుల ఆత్మహత్యలు జరిగాయి. తెలుగునాట పత్తిరైతు బలవన్మరణం ప్రజల దృష్టికి పెద్దయెత్తున వచ్చిన తొలి సందర్భాలలో అది ఒకటి. మందుల దుకాణంలో అప్పు, వడ్డీవ్యాపారి దగ్గర అప్పు, కూతురి పెళ్ళికి చేసిన అప్పు వేరువేరు చిట్టాలలో ఉన్నా తీర్చవలసిన పంట ఒకటే. ఆ పంట పోయిన ఇంట్లో ప్రేమ అన్న మాటకు ఏమి అర్థం ఉంటుంది? నిశ్చితార్థమైన సంబంధం తప్పిపోయిన అమ్మాయి కథ ఎలా ఉంటుంది? పైన పరిశీలించిన మూడు నవలలూ ఈ ఇంటి గుమ్మం తొక్కలేదు. ‘మైదానం’ పొలానికి అవతల జరిగింది. ‘సెక్రటరీ’ నగరంలో జరిగింది. ‘స్వేచ్ఛ’ చదువుకున్న మధ్యతరగతి ఇంట్లో జరిగింది.

ఈ లోటును రచయితల వ్యక్తిగత దోషంగా చూడడం సరికాదు. ప్రతి నవలా తనకు తెలిసిన గడపలోనే దీపం పెడుతుంది. అయితే ప్రక్రియ మొత్తానికి ఈ ప్రశ్న వర్తిస్తుంది. మిరపకోతల కాలంలో ఈ మైదానాలకు కర్నూలు వైపునుంచి కుటుంబాలు వలస వస్తాయి. కాయలు కోసేది, కల్లంలో ఆరిన తరువాత తాలుకాయలు ఏరేది, తొడిమలు తీసేది ఎక్కువగా స్త్రీలే. ఘాటుకు మండే చేతులతో కూలి సంపాదించే ఆ స్త్రీకి సొంత ఆదాయం ఉన్నది. అరుణకు ఉద్యోగంతో వచ్చిన స్వాతంత్ర్యం ఈమెకు కూలితో రాలేదు. కనుక స్వేచ్ఛకు ఆదాయం అవసరమే కాని అది ఒక్కటే చాలదు. ఈ సంగతిని పరీక్షించడానికి ప్రణయ నవలకన్నా అనువైన ప్రక్రియ లేదు. ఒక మనిషి మరొక మనిషిని ఎన్నుకోవడమే దాని కథావస్తువు కనుక, ఎన్నుకునే స్థితి ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు అన్నది అక్కడే తేలుతుంది.

కులం విషయం కూడా ఇటువంటిదే. ‘మైదానం’ మతాన్ని దాటించి ప్రేమను చూపింది. ఆ తరువాతి జనప్రియ ప్రణయ నవలలలో నాయికానాయకుల మధ్య ఆర్థికమైన అంతరం తరచుగా కనిపిస్తుంది. కులాంతరం అంత తరచుగా కథను నడపదు. ధనిక, పేద తేడాను పెళ్ళితో దాటించవచ్చు. కులాన్ని అలా దాటించడం కష్టమని రచయితలకు తెలుసు, పాఠకులకూ తెలుసు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఆ ఉద్రిక్తతకు ముందు ఒక సినిమాహాలులో జరిగిన గొడవ ఉన్నదన్నది నమోదైన విషయం. ప్రేమకథలు ఆడే హాలులో పక్క సీటులో ఎవరు కూర్చోవాలన్నది కులం నిర్ణయించిన నేలమీద, తెరమీది ప్రేమ కులం పేరు ఎత్తకపోవడాన్ని అమాయకత్వంగా భావించలేము.

ఈ నేలమీద ప్రేమను శ్రమతో, కులంతో కలిపి చూపిన నవల లేకపోలేదు. గుంటూరు జిల్లా వేములూరుపాడులో 1877లో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. అది ప్రణయ నవల కాదు. అయినా అందులో రామదాసు కుటుంబాన్ని ఆశ్రయించుకుని అల్లుకున్న జ్యోతి, అప్పాదాసుల ప్రేమ ఉన్నది. కట్నాల లెక్క లేని ఆ ప్రేమకు గడ్డు పరీక్ష ఇంట్లోనుంచి రాలేదు. వారి కులాన్ని, పేదరికాన్ని అలుసుగా తీసుకునే బయటి అధికారం నుంచి వచ్చింది. అది విషాదంగా ముగియడం కూడా అందుకే. ప్రేమించుకున్న ఇద్దరి మధ్య ఏ అపార్థమూ లేకపోయినా కథ చెడిపోవచ్చునని ‘మాలపల్లి’ చెప్పింది. ‘సెక్రటరీ’లో ఇద్దరి మనసుల మధ్య అపార్థం తొలగగానే అన్నీ సర్దుకున్నాయి. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు జనప్రియ ప్రణయ నవల ఏమి పోగొట్టుకున్నదో స్పష్టమవుతుంది. లోకం పెట్టే అడ్డంకిని అది మనసు పెట్టుకునే అడ్డంకిగా మార్చుకున్నది. దానివల్ల చదువు సుఖం పెరిగింది, చూపు కుంచించుకున్నది.

7. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• ‘మైదానం’ కట్టుబాటునుంచి నిష్క్రమణను, ‘సెక్రటరీ’ కట్టుబాటునుంచి మినహాయింపును, ‘స్వేచ్ఛ’ తన జీవితంమీద తన హక్కును ప్రధానంగా చిత్రించాయి. మూడింటిలోనూ కేంద్రం స్త్రీ ఎంపికే.

• ‘సెక్రటరీ’కి లభించిన ఆదరణకు భోగభాగ్యాల వర్ణన ఒక్కటే కారణం కాదు. కట్నం లేకుండా, తనను తానుగా కోరుకునే పెళ్ళి అన్న ఊహ అందులోని అసలు ఆకర్షణ. పెళ్ళి ఎకరాలతో కొలిచే ప్రాంతంలో ఈ ఊహకు సామాజికార్థం ఉన్నది.

• ఆ ఊహ వ్యక్తికి ఊరటనిచ్చింది కాని వ్యవస్థను ప్రశ్నించలేదు. సంపన్నుడైన నాయకుడు కట్నం సమస్యను పరిష్కరించలేదు, దానిని కనబడకుండా చేశాడు.

• పెళ్ళి తరువాతి జీవితాన్ని ప్రశ్నించిన ‘స్వేచ్ఛ’ ప్రణయ నవలకు కొనసాగింపుగానూ, దానిపై విమర్శగానూ నిలుస్తుంది. కథనంలో వాదన పాలు ఎక్కువైనా అది వేసిన ప్రశ్న బలం తగ్గలేదు.

• సాగు, కూలి, కులం ఈ మూడు నవలల అంచులలోనే మిగిలాయి. ‘మాలపల్లి’ ఆ మూడింటినీ ప్రేమకథలోకి తీసుకురావడం సాధ్యమేనని 1922లోనే నిరూపించింది.

ప్రణయ నవలను తక్కువ చేసి చూసిన విమర్శ పాఠకురాలి అవసరాన్ని గుర్తించలేదు. దానిని నెత్తికెత్తుకునే అభిమానం ఆ అవసరం ఎందుకు కలిగిందో అడగలేదు. తరగతి గదిలో ఈ నవలలను పాఠ్యాంశంగా తీసుకున్నప్పుడు రెండు పనులూ కలిపి చేయవలసి ఉన్నది. జయంతిని చదివి కన్నీళ్ళు తుడుచుకున్న అమ్మమ్మకూ, అదే నవలను పరిశోధనాంశంగా ఎన్నుకున్న మనుమరాలికీ మధ్య ఈ నేలమీద ఎన్నో పెళ్ళిళ్ళు జరిగాయి, ఎన్నో పొలాలు చేతులు మారాయి. ఆ పొలాల లెక్క తెలియకుండా ఆ కన్నీళ్ళకు విలువ కట్టడం సాధ్యం కాదు.